మూడు గంటలు కూర్చోవడం

"ఇంట్ల ఎవ్వలు లేరా?"

ఈ మాట మా ఆయన అడిగినప్పుడల్లా ఇంట్లో ముగ్గురం ఉంటాం. నేను పొయ్యి దగ్గర, మా అత్త ఆగమ్మ గడప పక్కన చేటతో, నా బిడ్డ సువర్ణ ఏదో ఒక మూల ఏదో ఒక పనిలో. ఆయనకు మేము కనబడుతూనే ఉంటాం. అయినా కుండలో నీళ్ళు అడుగంటితే, ఉతికిన బనీను చేతికి అందకపోతే, వాకిట్లో ఎవరైనా వచ్చి పిలిస్తే ఆయన నోటికి ముందు వచ్చేది అదే మాట. పెళ్ళయిన కొత్తలో నేను అమాయకంగా జవాబు చెప్పేదాన్ని, "ఉన్న గద" అని. ఆ మాట ఆయన వెళ్ళి తల్లికి చెప్పేవాడు, ఇద్దరూ నవ్వుకునేవారు. పోను పోను నాకే అర్థమైంది, అది అడగడం కాదని, లెమ్మని చెప్పడమని. మేము లేచి నిలబడితే ఇంట్లో మనుషులు ఉన్నట్టు, కూర్చుని ఉంటే లేనట్టు. ఇంత చిన్న సంగతి మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా నాకు ఉండేది కాదు. జంగయ్య తాగి కొట్టే మనిషి కాదు, జీతం తెచ్చి ఇంట్లో ఇచ్చే మనిషి. "నీకేం తక్కువనే శివమ్మా" అనేది పక్కింటి మొగులమ్మ. ఆ ఎండాకాలం దాకా నేనూ నాకేం తక్కువలే అనుకునేదాన్ని.

మాది పటాన్‌చెరు దాటాక ముత్తంగి వైపు పోయే దారిలో ఒక బస్తీ. మా మామ కాలంలో మా వాళ్ళంతా ఒకరి పొలాల్లో కూలికి పోయేవారు. ఆ పొలాల్లో ఫ్యాక్టరీలు లేచాక గేట్ల లోపలికి పోవడం మొదలుపెట్టారు. జంగయ్య ఇనుము కరిగించే చోట భట్టీ దగ్గర పని చేస్తాడు. నేను మందుబిళ్ళల కంపెనీలో ప్యాకింగ్. బస్తీ బోరు నీళ్ళు ఎప్పుడో రంగు మారిపోయాయి, బట్టలు ఉతికితే తెల్లవి పచ్చగా అవుతాయి. తాగడానికి, వండుకోవడానికి ట్యాంకర్ రావాలి. అది పొద్దున ఏ వేళకు వస్తుందో దాని డ్రైవర్‌కు కూడా తెలియదు. మలుపు దగ్గర ఒకసారి, మర్రిచెట్టు పక్కన గోడ దగ్గర ఆగాక ఇంకోసారి హారన్ కొడతాడు. అది వినబడితే ఆడవాళ్ళందరం చేతిలో పని చేతిలో వదిలి బిందెలతో పరుగెత్తాలి. మగవాళ్ళు ట్యాంకర్ దగ్గరికి పోరు. పోతే ఏమవుతుందో నాకు తెలియదు, ఎవరూ పోయి చూడలేదు.

రెండువేల ఒకటిలో సువర్ణ పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది. మా ఇంటి పేరుతో పది పాసైన మొదటి మనిషి అది. చదివింది సర్కారు బడిలో, తెలుగు మీడియంలో. జూన్‌లో సంగారెడ్డిలో ఇంటర్, లెక్కల గ్రూపు, అక్కడ అంతా ఇంగ్లిష్ మీడియం. మా బస్తీ నుంచి అంతకు ముందు అలా పోయిన ఆడపిల్లలు మొదటేడు తప్పి తిరిగొచ్చి నా పక్కనే నిలబడి మందుపెట్టెల మీద లేబుళ్ళు అంటిస్తున్నారు. జంగయ్య వద్దనలేదు. బస్సు పాసు తీయిస్తానన్నాడు, ఒక పూట స్వీటు కూడా తెచ్చాడు. కానీ నా ముందే దానికి చెప్పాడు, "మొదటేడు ఫెయిలయినవనుకో బిడ్డా, ఇగ ఇంట్ల కూసునుడే. మల్ల నన్ను అడుగొద్దు." సువర్ణ తలూపింది. చదువు మానిన ఆడపిల్లను ఇంట్లో కూర్చుంది అంటారు. నేనూ ఏడో తరగతి తర్వాత అలాగే ఇంట్లో కూర్చున్నాను. ఆ కూర్చున్న ఏళ్ళలో నడుము వాల్చిన పూట ఒక్కటీ గుర్తు లేదు.

పటాన్‌చెరులో కామేశ్వరరావు సారు ఉండేవాడు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో లెక్కలు చెప్పడానికి వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనిషి. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకు మారే పిల్లలకు ఎండాకాలం తన వరండాలో పాఠాలు చెప్పేవాడు. నేను సువర్ణను తీసుకుపోయిన రోజు ఆయన నన్ను కూడా కుర్చీలో కూర్చోమన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, నాకు అదే సుఖం.

"కాలేజీ తెరిచేలోపు చెయ్యాల్సింది పెద్ద ఏం లేదమ్మా" అన్నాడు. "తెలుగులో నేర్చుకున్న ప్రతి లెక్క మాటకీ ఇంగ్లిష్ మాట పక్కన పెట్టుకోవాలి. త్రిభుజం తెలిసిన పిల్లకి ట్రయాంగిల్ కొత్తేం కాదు, పేరే కొత్త. ఫస్టియర్ పుస్తకంలో మొదటి రెండు పాఠాలు ముందే చదివెయ్యాలి, అప్పుడు క్లాసులో భయముండదు. ఒకసారి బస్సెక్కి వెళ్ళి కాలేజీ చూసి రావాలి. ఇవన్నీ నేను చూసుకుంటాను. మీరు చెయ్యాల్సింది ఒకటుంది."

"చెప్పుండ్రి సారూ."

"పిల్లకి మూడు గంటలు ఒకేచోట కూర్చోవడం అలవాటు చెయ్యండి. బడిలో గంటగంటకీ బెల్లు కొడతారు. ఇంటర్లో పరీక్ష మూడు గంటలు. లెక్క మధ్యలో లేచారనుకోండి, తెగిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి రావాలి. నేను చాలామందిని చూశాను. తెలివి లేక ఫెయిలయ్యేవాళ్ళు తక్కువమ్మా, కూర్చోలేక ఫెయిలవుతారు."

నాకు నవ్వొచ్చింది. ఇంకేం అడుగుతాడో, ఏం కొనమంటాడో అని దారంతా గుబులుపడ్డాను. "గంతేనా సారూ? గది ఇంట్లనే జేస్త" అన్నాను.

"ఇంట్లో చెయ్యాల్సిందేనమ్మా. రూపాయి ఖర్చు లేనిది" అన్నాడు ఆయన.

ఓవర్‌టైము చేసి సువర్ణకు ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాను. కిటికీ పక్కన వేసి, దాని ముందు బియ్యం డబ్బా మీద చెక్క పలక పెట్టి బల్లలా చేశాను. చూసి నాకే ముచ్చటేసింది. సాయంత్రం జంగయ్య డ్యూటీ నుంచి వచ్చి అందులో కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. "కుర్సీ మంచిగుంది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ఉన్నంతసేపు అది ఆయన కుర్చీ అయిపోయింది. ఎవరూ ఇమ్మనలేదు, ఎవరూ తీసుకోలేదు, అంతే. సువర్ణ కింద చాప మీదకు దిగింది. భట్టీ దగ్గర మాడిపోయి వచ్చిన మనిషిని కుర్చీలోంచి లెమ్మని ఎలా అంటాను? ఆయన అలిసిపోయాడని నాకు తెలుసు. నేనూ అలిసిపోయానని ఆ ఇంట్లో ఎవరికి తెలుసో నాకు తెలియదు.

చాప మీద కూడా అది కూర్చోలేదు. కూర్చోనియ్యలేదు అనాలి. ఒక రోజు నాకు డ్యూటీ లేదు, ఇంట్లోనే ఉన్నాను, గమనించాను. పుస్తకం తెరిచిందో లేదో మా అత్త, "సువర్ణా, జెర సూదిల దారమెక్కియ్యి బిడ్డా" అంది. ఎక్కించి వచ్చి కూర్చుంది. మొగులమ్మ గుమ్మంలోంచి, "సువర్ణా, మా పొయ్యి మీద పప్పున్నది, గిట్ల వొయ్యొస్త, జెర సూడవా" అంది. చూసి వచ్చింది. జంగయ్య చాయ్ అన్నాడు. చాయ్ ఇచ్చి వచ్చింది. ఇవన్నీ చూసి నాకు ఒళ్ళు మండుతోంది, వీళ్ళకు బుద్ధి లేదా, పిల్ల చదువుకుంటోందని కనబడటం లేదా అని లోపల తిట్టుకుంటున్నాను. తిట్టుకుంటూ బట్టలు పిండుతూ, "సువర్ణా, ఆ దండెం మీదియి తియ్యి" అన్నాను. అది లేచి తీసింది. నా మాట నాకే వినబడి చేతుల్లోని చీర అలాగే ఉండిపోయింది. పొద్దటి నుంచి లెక్క వేసుకుంటే అందరికంటే ఎక్కువసార్లు దాన్ని పిలిచింది నేను. అంత మంచి పేరు పెట్టుకున్నాం, బంగారం అని. అది గుమ్మానికి కట్టిన గంట అయిపోయింది, ఎవరు వస్తే వాళ్ళు కదిలించి పోవడమే.

సరే, నేనే చేసుకుంటానని మొండిపట్టు పట్టాను. డ్యూటీకి పోకముందు, వచ్చాక, బోళ్ళు, బట్టలు, ట్యాంకర్, పొయ్యి, అన్నీ నేనే. అత్త పిలిస్తే నేనే పలికాను, ఆయన పిలిస్తే నేనే లేచాను. సువర్ణను కదలనివ్వలేదు. కాసేపయ్యాక చూస్తే అది పుస్తకంలోంచి తలెత్తి నన్నే చూస్తోంది. పుస్తకం మూసి వచ్చి నా చేతిలోంచి బిందె లాక్కుంది. "నువ్వు ఒక్కదానివే తిరుగుతుంటె నాకు అక్షరాలు కనవడ్తలేవమ్మా" అంది. నేను కూడా మా అమ్మ చేతిలోంచి అలాగే లాక్కున్నాను. మా అమ్మ కూడా వద్దు వద్దంటూనే ఇచ్చింది.

ఒకసారి అన్నానికి కూర్చున్నప్పుడు జంగయ్యతో చెప్పాను, సారు మూడు గంటలు కూర్చోబెట్టమన్నాడని. ఆయన చెయ్యి కడుక్కుంటూ, "సదువుకుంటె పని జెయ్యొద్దని ఉన్నదా? మా కంపెనీల ఇంజినీరు మేడం గూడ ఇంటికి వొయ్యి వంట జేస్తదట" అన్నాడు. మా అత్త అందుకుంది, "ఆడివిల్ల ఉన్నకాడ్నే కూసుంటె ఇల్లు ముందట వడ్తదా? మేమంత కూసున్నమా?" ఆమె మాటలో ఎకసెక్కెం లేదు, నిజంగానే అడిగింది. ఆమె కూర్చోలేదు. ఆమె మోకాళ్ళు చూస్తే తెలుస్తుంది.

మా ప్యాకింగ్ హాల్లో కూడా కూర్చోవడం ఉండదు. బెల్టు మీద డబ్బాలు వస్తుంటాయి, ఇటువైపు అటువైపు ఆడవాళ్ళం నిలబడి పేర్చాలి. ముందు స్టూళ్ళు ఉండేవట, కూర్చుంటే చేతులు నెమ్మదిస్తాయని తీసి స్టోర్లో వేశారు. ఆ మే నెలలోనే ఎవరో పెద్దవాళ్ళు చూడడానికి వస్తున్నారని పొద్దున్నే స్టూళ్ళు కడిగి వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. కూర్చుంటే సుఖంగా ఉండాలి కదా. నాకు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, దొంగతనం చేసి దొరికినట్టు ఉంది. అటువైపు ఆగమాగంగా కూర్చున్నవాళ్ళను చూసి ఇటువైపు వాళ్ళం నవ్వాపుకున్నాం. ఇంతలో తలుపు అవతల సూపర్‌వైజర్ బూట్ల చప్పుడైంది. ఎవరూ చెప్పకుండానే మా వరసంతా లేచి నిలబడింది. "అరే బైఠో, బైఠో" అని ఆయన పళ్ళు నూరాడు. మళ్ళీ కూర్చున్నాం. ఆ పెద్దవాళ్ళ కార్లు వెళ్ళిపోగానే స్టూళ్ళు స్టోర్లోకి పోయాయి. అప్పుడు మేమంతా హమ్మయ్య అనుకున్నాం. ఆ హమ్మయ్య గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను.

కాలేజీ తెరవడానికి వారం ముందు కామేశ్వరరావు సారు పిల్లలందరికీ ఒక పరీక్ష పెట్టాడు. అచ్చం ఇంటర్ పరీక్షలాగే, ఇంగ్లిష్‌లో పేపరు, మూడు గంటలు, మధ్యలో మాట లేదు. నాకు ఆ రోజు మొదటి షిఫ్టు. డ్యూటీ దిగి నేరుగా ఆయన ఇంటికి పోయాను, బిడ్డను వెంటపెట్టుకుని పోదామని. మగపిల్లలు అప్పటికే సైకిళ్ళెక్కుతున్నారు. సువర్ణ మెట్ల మీద నిలబడి ఉంది. సారు నన్ను చూసి ఎంతో సంతోషంగా ఎదురొచ్చాడు.

"పిల్లని ఎంత బాగా పెంచారమ్మా" అన్నాడు. "పరీక్ష నడుస్తుండగా మా చుట్టాలు దిగారు. మా ఆవిడ ఇంట్లో లేదు. నేను ఏం చెయ్యాలా అని చూస్తున్నాను, ఈ పిల్ల తనంతట తనే లేచి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. టీ కూడా పెట్టింది. గ్లాసులు కడిగి బోర్లించి మరీ వచ్చి కూర్చుంది. మగవెధవలు ఒక్కడూ తలెత్తి చూడలేదు. ఏ ఇంటికి వెళ్తుందో కానీ వాళ్ళు అదృష్టవంతులు."

నా మొహం మీదకు నవ్వు వచ్చేసింది. అలాంటి మాట వినబడితే నవ్వడం నాకు అంతగా అలవాటు. నవ్వుతూనే ఉన్నాను, ఆయన పేపరు నా చేతిలో పెట్టాడు. "లెక్కలు బాగానే వచ్చు. రాసినవన్నీ రైటే. ఎందుకో సగం వదిలేసింది. టైం చాలలేదు. స్పీడు పెరగాలి." ఆ మాట కూడా ఆయన అంతే మంచితనంతో అన్నాడు. ఆ రెండు మాటలకూ సంబంధం ఉందని ఆయనకు తోచలేదు. లేవొద్దని మీరే అన్నారు కదా సారూ అని నా గొంతు దాకా వచ్చింది. అంత చదువుకున్న మనిషి, నా బిడ్డకు ఊరికే చదువు చెప్పిన మనిషి. దండం పెట్టి వచ్చేశాను.

రోడ్డు మీదకు వచ్చాక అడిగాను, "ఎందుకు లేచినవే?"

"ఎప్పుడు?" అంది సువర్ణ.

"పరీక్ష మధ్యల. నీళ్ళియ్యనీకె."

అది నడక ఆపింది. లారీలు పోతున్నాయి, దుమ్ము. దాని మొహంలో నిజంగానే ఏమీ తెలియని చూపు. "లేచింది నాకు యాదికి లేదమ్మా" అంది. "లెక్క జేస్తున్న. ఎవరో వచ్చినట్టు చెప్పుల సప్పుడైంది. మల్ల జూస్తె నా చేతుల గిలాస ఉన్నది."

"నిన్ను ఎవలన్న అడిగిండ్రా?"

"ఎవ్వలడుగలే." మళ్ళీ నడుస్తూ అంది, "వచ్చి కూసున్న గని ఆ లెక్క మల్ల దొరకలే. మొదటి నుంచి జేసిన. మల్ల లోపట పొయ్యి బందు జేసిన్నో లేదో అని మనసు వాయె. మల్ల లేచిన." అప్పుడు దానికి ఏడుపొచ్చింది. "నాకు ఇంగ్లీష్ తోని పరేషాన్ లేదమ్మా. కూసునుడే వస్తలేదు."

నేను నడిరోడ్డు మీద దాన్ని దగ్గరికి తీసుకోలేదు, పేపరు మడిచి జాకెట్లో పెట్టుకుని నడిచాను. నాకు దుఃఖం ఆగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పిలిస్తే లేచేదాన్ని పిలవకుండా ఆపొచ్చు. ఇది పిలవకుండానే లేస్తోంది. స్టూళ్ళ మీంచి లేచిన మా వరసలో అది కూడా ఉంది, పదహారేళ్ళకే, కంపెనీ గేటు కూడా తొక్కకుండానే. ఇది ఎప్పుడు నేర్చుకుంది? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నా వెనక నడిచి నేర్చుకుంది. నేను ఎంత జల్దీ లేస్తే అది అంత జల్దీ లేవడం నేర్చుకుంది. దాని బదులు నేను లేస్తే దాన్ని కాపాడుతున్నానని అనుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని. చూపిస్తూ పోయాను అంతే.

మర్నాడు నాకు మధ్యాహ్నం షిఫ్టు. జంగయ్య రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపలి అర్రలో పడుకున్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది. సువర్ణను అందులో కూర్చోబెట్టి, నిన్నటి పేపరు ముందు పెట్టి, వదిలేసిన లెక్కలన్నీ చెయ్యమన్నాను. దాని పక్కనే చాప పరుచుకుని నేనూ కూర్చున్నాను.

"నువ్వెందుకమ్మా?" అంది.

"ఇయ్యాల నేను గూడ కూసుంట. నువ్వు లేస్తెనే లేస్త."

"కూసోని ఏం జేస్తవు?"

"ఏం జెయ్య. కూసుంట."

కూర్చోవడం అంత కష్టమని నాకు తెలియదు. కాసేపటికే చేతులు వాటంతట అవి చాప పుల్లలు ఏరడం మొదలుపెట్టాయి. వాటిని తొడల కింద పెట్టుకున్నాను. పొయ్యి మీద ఏమీ లేదని తెలిసీ ఏదో మాడుతున్న వాసన వచ్చింది. వాకిట్లో ఊడ్చని ఆకు ఒకటి నన్నే చూస్తున్నట్టుంది. గోడ మీది గడియారం వైపు చూస్తే ముల్లు కదలడం లేదు. ఇంత పొద్దు ఖాళీగా ఉంచితే ఎవరో వచ్చి తిడతారని మాటిమాటికీ గుమ్మం వైపు చూశాను. తిట్టేవాళ్ళు ఎవరూ రాలేదు, అయినా చూపు అటే పోయింది. చేసేదేమీ లేక నా బిడ్డను చూశాను. అంత సేపు దాన్ని చూడడం పాలిచ్చిన రోజుల తర్వాత అదే. మణికట్టు దగ్గర గంజి ఒలికిన మచ్చ ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు నేను డ్యూటీలో ఉండగా గంజి వారుస్తుంటే ఒలికింది. అప్పుడు వాళ్ళ నాయినమ్మ, "పని నేర్చుకునేటప్పుడు గట్లనే అయితది" అంది, నేనూ సరేననుకున్నాను. మచ్చ చెయ్యి పెరిగినకొద్దీ పెరిగింది. ఆ చేత్తోనే అది లెక్క రాస్తోంది, పెదాలు కదులుతున్నాయి, ఇంగ్లిష్‌లో ఏదో అనుకుంటోంది. నాకు అర్థం కాని మాటలు నా బిడ్డ నోట్లో. అవి దాని దగ్గర ఉంటాయా, మందుపెట్టెల మధ్య మరిచిపోతుందా అని నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే లేచి వస్తుందని ఏడవలేదు.

అప్పుడు మలుపు దగ్గర హారన్ మోగింది.

సువర్ణ పెన్ను ఆగింది. దాని మోకాలు పైకి లేవబోవడం నేను చూశాను. చెయ్యి దాని మోకాలి మీద వేశాను. "లెక్క జెయ్యి" అన్నాను.

"అమ్మా, ట్యాంకర్."

"ఇన్న. లెక్క జెయ్యి."

బస్తీ అంతా ఒక్కసారి కదిలింది. బిందెల చప్పుడు, చెప్పుల చప్పుడు. మొగులమ్మ పరుగున పోతూ గుమ్మంలోంచి, "ఏందే శివమ్మా, ట్యాంకరొచ్చింది, ఇనవడ్తలేదా" అంది. జ్వరమనుకుందేమో, ఆగి చూసి వెళ్ళిపోయింది. మా అత్త చేట పక్కన పెట్టింది. మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కుండల సుక్క లేదు" అంది. "తల్లి బిడ్డలకు పిచ్చిగిట్ల లేచిందా?" మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని తనే లేచి బిందె చంకన పెట్టుకుంది. నా బిడ్డ కూర్చోవాలంటే ఈ ముసలామె లేవాలా? నేను కూర్చుంటే ఆ బరువు ఇంకో ఆడమనిషి మీద పడడమేనా?

"కూసో అత్తమ్మా" అన్నాను. "నీ మోకాళ్ళు మంచిగ లెవ్వు. నువ్వు గూడ కూసో."

"నేను కూసుంటె నీళ్ళెవలు తెస్తరు?"

"లోపట ఒక మనిషి పండుకోని ఉన్నడు గద."

"వాడా?" అంది ఆమె, నేనేదో అనరాని మాట అన్నట్టు. "మొగోడు బిందె వట్టుకోని రోడ్డు మీదికి వోతడా? సిగ్గు లేదా నీకు?"

గోడ దగ్గర రెండో హారన్ మోగింది. ఆమె గడప మీద నిలబడిపోయింది, ఒక కాలు బయట, ఒక కాలు లోపల. పోతుందనే అనుకున్నాను. ఏమనుకుందో, బిందెను గట్టిగా కింద పెట్టి, గడప మీదే మాకు వీపు చేసి కూలబడింది. నన్నూ, నా పుట్టింటినీ, ఆ సారునూ, కాలేజీనీ కలిపి తిట్టడం మొదలుపెట్టింది. మా కోసం కూర్చుందా, మోకాళ్ళ కోసం కూర్చుందా అని నేను అడగలేదు. చాలా ఏళ్ళకు ఆమె వీపు తిన్నగా చూశాను, ఎంత వంగిపోయిందో.

ట్యాంకర్ ఖాళీ అయ్యే చప్పుడు, గొట్టం ముడుచుకునే చప్పుడు, తర్వాత ఇంజను చప్పుడు, అన్నీ విన్నాం. అది వెళ్ళిపోతుంటే మా ముగ్గురికీ ఎవరో చనిపోయినట్టు అనిపించింది. సువర్ణ కళ్ళలోంచి నీళ్ళు కారి పేపరు మీద పడుతున్నాయి, తుడుచుకోకుండా రాస్తోంది. ముందు అంకెలు వంకరపోయాయి. కొంతసేపయ్యాక అంకెలు నిలబడ్డాయి. ఒక లెక్క పూర్తయింది. కింద గీత గీసి ఇంకోటి మొదలుపెట్టింది. నేను చెయ్యి తియ్యలేదు.

లోపలి అర్రలో మంచం కిర్రుమంది. జంగయ్య దగ్గాడు. "నీళ్ళు" అన్నాడు. కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు. ఎవరం కదలలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి వచ్చాడు, నిద్ర నిండిన కళ్ళతో నేరుగా కుండ దగ్గరికి పోయి మూత ఎత్తాడు. చెంబు ముంచితే అడుగు తగిలి గీరుకుంది. మూత చేతిలో పట్టుకునే ఇటు తిరిగాడు. కుర్చీలో బిడ్డ, చాప మీద పెళ్ళాం, గడప మీద తల్లి. మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

"ఇంట్ల ఎవ్వలు లేరా?" అన్నాడు.

ముందు లేచింది నేనే. సగం లేచాక తెలిసింది. నా అరచేతి కింద సువర్ణ మోకాలు నాతోపాటే లేవబోతోంది. మళ్ళీ కూర్చున్నాను, దానిని కూడా కూర్చోబెట్టాను.

"ఉన్నం" అన్నాను. "కూసున్నం."